వెనక సీటు మాట

చిన్నా,

నువ్వు హోండా వాళ్ల పెద్ద మోటార్ సైకిల్ గోల్డ్‌వింగ్ కొంటానన్న సంగతి మీ నాన్న నాకు రెండు రోజులు ఆలస్యంగా చెప్పారు. ఆ రెండు రోజులూ గరాజ్‌లో ఈల వేసుకుంటూ తిరుగుతుంటే ఏమిటా అనుకున్నాను. ఇంజన్ గురించి నీకు ఫోన్లో గంటన్నర చెప్పారట. అది హ్యాండిల్ పట్టుకున్న మనిషి మాట. పద్నాలుగేళ్లు ఆయన వెనక కూర్చున్నదాన్ని నేను. నా మాటా విను.

ముందు మంచే చెబుతాను, లేకపోతే అమ్మ అడ్డుపడుతోందంటావు. మనది 2005 మోడల్, 2009లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. ఇక్కడే ఒహాయోలో, మన ఇంటికి అరగంట దూరంలోని మేరీస్‌విల్‌లో తయారైన బండి. మనం కొన్న ఏడాదే హోండా అక్కడ మోటార్ సైకిళ్ల తయారీ ఆపేసింది. ఆ మాట చెప్పుకుని మీ నాన్న ఎంత బాధపడ్డారో, ఏదో సొంత ఫ్యాక్టరీ మూతపడినట్టు!

పెళ్లైన కొత్తలో విజయవాడలో చేతక్ మీద పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో స్టెప్నీ టైరు, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని తిరిగినదాన్ని. దీని వెనక సీటు చూసి నవ్వొచ్చింది నాకు. వీపుకు ఆనుడు, రెండు పక్కలా చేతులు పెట్టుకునే చోటు, కాళ్లకు వెడల్పాటి పలకలు. మన హాల్లో సోఫా కంటే అదే నయం. ఇంజన్‌లో ఆరు సిలిండర్లు, ఈ పక్క మూడు, ఆ పక్క మూడు, పడుకోబెట్టినట్టు ఉంటాయి. అందుకే బరువంతా కిందకు ఉంటుంది, అదురు అనేదే తెలియదు. వెనక చక్రాన్ని తిప్పేది చైన్ కాదు, లోపల మూసి ఉండే షాఫ్ట్. చున్నీ ఎక్కడ చిక్కుకుంటుందోనన్న భయం లేదు. హెల్మెట్లలో మైకులున్నాయి, అరుచుకోకుండా మాట్లాడుకోవచ్చు. డిక్కీలో సీడీ చేంజర్ పెట్టించారు, అందులో ఆరు సీడీలూ ఘంటసాలవే.

రిచ్‌మండ్‌లో పెళ్లికి దాని మీదే వెళ్లాం, గుర్తుందా? నా పట్టుచీర, నగల డబ్బా, ఆయన సూటు అన్నీ పట్టాయి. హోటల్లో లెదర్ జాకెట్ విప్పి చీర కట్టుకుని మండపానికి వెళితే, పెళ్లికూతురి అమ్మమ్మ ముక్కు మీద వేలేసుకుంది. తిరిగి వచ్చేటప్పుడు కొండల మీదుగా సాగే బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డు పట్టుకున్నాం. మొత్తం 469 మైళ్లు, గంటకు 45 మైళ్లు దాటకూడదు, ట్రక్కులు రావు. మలుపు దగ్గర బండి వాలుతుంటే కొండంతా నా వైపుకు ఒరిగినట్టుండేది. చెట్ల వాసన, తడి మట్టి వాసన, ఒక్కో మలుపు దాటగానే చల్లబడే గాలి, ఇవి కారు అద్దాల్లోంచి రావు. ఈ విషయంలో మీ నాన్నతో నాకు పేచీ లేదు.

నీకో సంగతి తెలుసా? 1975 మోడల్‌గా మొదట వచ్చిన గోల్డ్‌వింగ్‌కు ముందు గాలిని ఆపే అద్దమూ లేదు, సామాను పెట్టెలూ లేవు. 999 సీసీ, నాలుగు సిలిండర్లు, అంతే. దూరాలు తిరిగే అమెరికన్లే బయట కొని అద్దాలు, పెట్టెలు బిగించుకున్నారు. అది చూసి 1980లో కంపెనీయే వాటితో సహా అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత 1988లో ఆరు సిలిండర్లు, రివర్స్ వచ్చాయి. 2006 మోడల్ నుంచి ఎయిర్‌బ్యాగ్ కూడా ఇచ్చారు. సుఖాలు ఒక్కొక్కటే పెరిగాయి, బరువూ వాటితోపాటే పెరిగింది. ఇక అసలు సంగతికి వస్తాను.

ఈ బండి నడుస్తున్నంతసేపూ దూదిపింజ. ఆగిందా, గుండ్రాయి. మనది నిండు పెట్రోలుతో 400 కిలోలకు పైనే. చేతక్ స్టార్ట్ కాకపోతే పక్కకు వంచి కిక్ కొట్టేవారు మీ నాన్న. దీన్ని అలా వంచితే ఇక అంతే.

వర్జీనియాలో గ్యాస్ స్టేషన్‌లో పడిన సంగతి నీకు సగమే చెప్పాం. నేల కొంచెం వాలు, పైన కంకర. మనిషి నడిచేంత వేగంతో వెళుతూ, హ్యాండిల్ తిప్పి ఉండగానే ముందు బ్రేకు నొక్కారు. ఎంత మెల్లగా ఒరిగిందంటే, నేను దిగి పక్కకు నిలబడేంత టైం దొరికింది. కానీ ఆయన వదల్లేదు, మోకాలితో ఆపబోయారు. ఇంజన్ పక్కన గార్డులుంటాయి కాబట్టి బండి పూర్తిగా పడుకోలేదు, గీతలు తప్ప దానికేమీ కాలేదు. ఇద్దరు ట్రక్కు డ్రైవర్లు వచ్చి లేపారు. నీకు ఫోన్లో "చిన్న బెణుకు" అన్నాం కదా, అది బెణుకు కాదు. ఇప్పుడు ఆయన మెట్లు ఒక్కొక్కటిగా దిగేది అందుకే. రెండేళ్లుగా బండి కదలకుండా బ్యాటరీ చార్జర్‌కు తగిలించి ఉంది, ఆదివారం ఆదివారం తుడుస్తారు.

నువ్వు చూసిన కొత్త మోడల్ మన దానికంటే తేలికే, 380 కిలోలకు అటూ ఇటూ. గేర్లు దానంతట అదే మార్చుకునే రకం తీసుకుంటే, పార్కింగ్‌లో మెల్లగా ముందుకూ వెనక్కూ కదిలే ఏర్పాటు కూడా ఉందట. బాగుంది. కానీ ఆ షార్లట్ అపార్ట్‌మెంట్‌లో నీకు గరాజ్ లేదు కదరా! పార్కింగ్ అంతా వాలు. రోజూ పొద్దున్నే నిద్రమత్తులో దాన్ని ఆ వాలులో తిప్పి, సాయంత్రం మళ్లీ అక్కడే నిలబెట్టాలి. ఇంజన్ ఎన్ని సీసీలన్నది కాదు నా టెన్షన్, ఆ వాలు.

డబ్బు సంగతి ఎక్కువ చెప్పను, నీ సంపాదన నీది. వెనక డిక్కీ ఉండే టూర్ మోడల్ 28 వేల డాలర్లు దాటింది, పైన ఇన్సూరెన్స్, టైర్లు. హైదరాబాద్‌లో ఉన్న మీ బాబాయికి, అక్కడైతే ఈ బండి దాదాపు 40 లక్షలని చెబితే, ఆ డబ్బుతో స్థలం కొనుక్కోమన్నాడు. ఆయన ప్రతిదానికీ అదే అంటాడనుకో.

కొనే ముందు రెండు పనులు చెయ్యి. ఒకటి, ఒక వీకెండ్ అద్దెకు తీసుకుని కోడల్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లు. గంటన్నర కాదు, రెండు రోజులు. ఆమెకు ఇష్టమో కాదో అడిగావా అంటే "అడగాలమ్మా" అన్నావు. ఇంత బరువు, ఇంత ధర సగం ఆ వెనక సీటు కోసమే. ఒక్కడివే తిరిగేట్టయితే ఇందులో సగం బరువున్న బండి చాలు నీకు.

రెండోది, పడిన బండిని లేపడం నేర్పించుకో. గేర్‌లో ఉంచి, సీటుకు వీపు ఆనించి గొంతుక్కూర్చుని, కాళ్ల బలంతో వెనక్కి నడుస్తూ లేపాలట. కుడివైపు పడితే ముందే స్టాండ్ దించిపెట్టాలి, లేకపోతే లేచింది లేచినట్టే అటువైపు పడుతుంది. మీ నాన్న ఇవన్నీ పడ్డాక నేర్చుకున్నారు.

నా జాకెట్ ఇంకా బీరువాలోనే ఉంది, మోచేతుల దగ్గర ప్యాడ్లున్నది. భుజాలు కోడలికి సరిపోతాయేమో. కొలతలు పంపమను, పోస్టులో వేస్తాను.

అమ్మ