బతికొచ్చిన సిపాయిల పేర్లు ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

మా నాయనమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున తాతయ్య మిలిటరీ డిశ్చార్జి పుస్తకం దొరికింది. సగం చెదలు తినేశాయి. మిగిలిన సగంలో ‘మద్రాస్ సాపర్స్’ (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం) అన్న మాట, నంబరులో మూడంకెలు కనబడుతున్నాయి. పాత గుడ్డలో మూటగట్టిన రెండో ప్రపంచయుద్ధపు పసిఫిక్ స్టార్ పతకం మాత్రం చెక్కుచెదరలేదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో బ్రిటిష్ సేనాని జనరల్ పెర్సివల్ జపాన్‌కు లొంగిపోయాడు. రెండు రోజులకు భారతీయ సిపాయిలను తెల్లవాళ్ళ నుంచి విడదీసి ఫారర్ పార్కు మైదానానికి తోలారు. నలభై వేల మందికి పైనే. జపాన్ పక్షాన చేరిన భారతీయ అధికారి కెప్టెన్ మోహన్ సింగ్ మాట్లాడి, బ్రిటిష్‌వాళ్ళ మీద పోరాడే ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరమన్నాడు. వేల మంది చేరారు. తాతయ్య చేరలేదు. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా చుట్ట వెలిగించుకునేవాడే తప్ప జవాబు చెప్పేవాడు కాదు.

చేరనివాళ్ళలో చాలామందిని ఓడలెక్కించి న్యూగినీ వైపు దీవులకు కూలిపనికి పంపారు. తాతయ్య న్యూబ్రిటన్ దీవిలోని రబౌల్‌లో తేలాడు. మూటలు మోయడం, బాంబులు పడి గుంతలైన విమానాశ్రయాన్ని పూడ్చడం, కొండకు సొరంగాలు తవ్వడం. తిండి అంటే ఏ దుంప దొరికితే అది. 1945 సెప్టెంబరులో ఆస్ట్రేలియా సైన్యం వచ్చి విడిపించింది. మాది సామర్లకోట దగ్గర పల్లె, చుట్టూ కర్రపెండలం తోటలు, ఆ దుంపతో సగ్గుబియ్యం చేసే మిల్లులు. ఆయన మాత్రం చనిపోయేదాకా సగ్గుబియ్యం పాయసం నోట పెట్టలేదు. పెళ్ళి బంతిలో వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. పెంకితనం అనుకునేవాళ్ళం.

1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పెట్టినప్పుడు ఫౌజ్‌లో చేరినవాళ్ళకూ ఇచ్చారు. సబబే. చేరకుండా మూడున్నరేళ్ళు చెర అనుభవించినవాళ్ళు మాత్రం ఊళ్ళో ‘తెల్లదొర సిపాయిలు’గానే మిగిలారు. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని ఇప్పుడు మనం తీర్పు చెప్పక్కర్లేదు. ఆ మైదానంలో ఆకలితో కూర్చున్నది మనం కాదు.

చనిపోయి సమాధి కూడా దొరకనివాళ్ళ పేర్లయినా సింగపూర్ క్రాంజి స్మారకం గోడల మీద ఉన్నాయి, కామన్వెల్త్ దేశాలన్నిటివీ కలిపి 24 వేలకు పైగా. బతికొచ్చినవాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు. తాతయ్య వివరాల కోసం ఒక కార్యాలయానికి వెళితే పూర్తి నంబరు తెమ్మన్నారు. ఆ నంబరు చెదల పాలైందనే కదా మేం వెళ్ళింది!

తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరంలో ఊరివాళ్ళు తమ సైనికులకు స్మారక స్తూపం కట్టుకున్నారు. అన్ని ఊళ్ళకూ ఆ ఊపు ఉండదు. పింఛన్ల కోసం ఇల్లిల్లూ తిరిగే గ్రామ సచివాలయ సిబ్బంది చేత ఒక్కసారి ఈ పాత డిశ్చార్జి పుస్తకాలకు, పతకాలకు, ఉత్తరాలకు ఫొటోలు తీయించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో భద్రపరిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. ఆలస్యం చేస్తే చేసేదేమీ ఉండదు. మా వీధి చివరింటి పతకం పోయినేడే పాతసామాన్ల బండెక్కిందట. దానికి ఉల్లిపాయలిచ్చారట.

— ఒక పాఠకుడు,
సామర్లకోట మండలం, కాకినాడ జిల్లా