అటక మీద సంచి అమ్మేయకు బావా

ఒరేయ్ బావా,

ఏటి సంగతులు? ఇల్లు రిపేరు పెట్టావని, అటక ఖాళీ చేస్తున్నావని, తాతగారి రేకు అచ్చులూ సగం చెక్కిన పశువుల కొమ్ము ముక్కలూ ఒక గోనెసంచి నిండా దొరికాయని, కబాడీవాడికి ఇచ్చేస్తానని రాశావు. ఇచ్చేయకు. ఎందుకో చెప్పాలంటే చాలా పొడుగు కథ, మెసేజ్‌లో పట్టదు, అందుకే ఈ ఉత్తరం. తీరుబడిగా చదువు.

ఈ మధ్య రాత్రిళ్లు నాకో పిచ్చి పట్టుకుంది. జర్మనీలో బౌహౌస్ అని ఒక ఆర్ట్ స్కూల్ ఉండేది. 1919లో వాల్టర్ గ్రోపియస్ అనే ఆర్కిటెక్టు వైమార్‌లో పెట్టాడు, 1925లో డెసావ్‌కి మారింది, చివర్లో బెర్లిన్ చేరి 1933లో నాజీల దెబ్బకి మూతపడింది. మొత్తం పద్నాలుగేళ్లు. మన బరంపురంలో పట్టు కొట్లు అంతకంటే ఎక్కువే నడిచాయి కదా! కానీ ఆ పద్నాలుగేళ్ల సామానంతా జాగ్రత్తగా ఏరి దాచారు. 1960లో డార్మ్‌స్టాట్‌లో దానికోసమే ఒక ఆర్కైవ్ పెట్టి, 1971లో బెర్లిన్‌కి తీసుకెళ్లారు. గ్రోపియస్ 1937లో అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీకి పాఠాలు చెప్పడానికి వెళ్లాడు కాబట్టి అక్కడి మ్యూజియంలో ఇంకో పెద్ద కుప్ప ఉంది, ముప్పై వేలకి పైగా వస్తువులట, ఫోన్‌లోనే చూడొచ్చు. నా డేటా ప్యాక్ అంతా దానికే పోతోంది, మా ఆవిడ తిట్లు వేరే.

వాళ్ల పేరున్న వస్తువు స్టీలు పైపుల కుర్చీ. 1925లో మార్సెల్ బ్రాయర్ సైకిల్ హ్యాండిల్ చూసి, ఇలా వంచితే కుర్చీ ఎందుకు కాదని మొదలుపెట్టాడు. దాని నకళ్లు ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి, దాని గురించి చెప్పేదేం లేదు. నన్ను పట్టేసినవి గుడ్డ ముక్కలు. మగ్గం మీద ఏదో ఒకటి ప్రయత్నించి చూసి, కోసి పక్కన పెట్టిన మచ్చు ముక్కలు. వాటినీ నంబరు వేసి దాచారు!

ఆ మగ్గాల గదిదో కథ. ఆడా మగా సమానం అని చెప్పి తెరిచిన స్కూలే, చేరిన ఆడపిల్లల్లో చాలామందిని ఆ గదికే తోసింది. ఆనీ ఆల్బర్స్‌కి గాజు పని మీద మనసు, మగ్గం దగ్గర కూర్చోబెట్టారు. 1930లో డిప్లొమా కోసం ఆవిడ నేసింది ఏంటో తెలుసా? ఒక సభా మందిరం గోడలకి కప్పే గుడ్డ. ఒకవైపు చప్పుడు పీల్చేసుకుంటుంది, రెండోవైపు సెలోఫేన్ (మిఠాయి పొట్లాలకి చుట్టే మెరిసే పల్చటి కాగితం లాంటిది) కలిపి నేసింది కాబట్టి వెలుతురు తిప్పికొడుతుంది. సెలోఫేన్‌తో నేత! మా వీధిలో ఒక ముసలి నేతగాడు ఉన్నాడు, మా బరంపురం పట్టుచీరల ఫొడా కుంభ అంచు కళ్లు మూసుకుని నేస్తాడు. ఆ గదిలో పుట్టిన ఇంకో గుడ్డ ఆయనకి ఫోన్‌లో పెద్దది చేసి చూపించా. కళ్లజోడు పైకెత్తి, కిందికి దించి, చాలాసేపు చూసి, "ఇది రెండు పొరల నేత బాబూ, కింద పోగు పైకొచ్చిన చోటల్లా రంగు మారింది చూడు" అన్నాడు. జర్మన్ ఒక్క ముక్క రాదు ఆయనకి. గుడ్డ ముక్క ఉంటే చాలు, పని తెలిసినవాడు చదివేస్తాడు.

ఓటీ బెర్గర్ అని ఇంకొకావిడ. అక్కడే చదివి, తర్వాత సొంతంగా బట్టలు డిజైన్ చేసి పేటెంట్ కూడా తెచ్చుకుంది. యూదురాలు. 1944లో నాజీల చావు శిబిరం ఆష్విట్జ్‌లో చంపేశారు. ఆవిడ నేసిన మచ్చులు మాత్రం ఇంకా ఉన్నాయి, పోగులు లెక్కపెట్టుకోవచ్చు.

చదరంగం గురించి కూడా చెప్పాలి, నీకు నచ్చుతుంది. 1923-24లో యోసెఫ్ హార్ట్‌విగ్ చేశాడు. ఏ పావు ఎలా కదులుతుందో దాని ఆకారమే చెప్పేస్తుంది, ఏటవాలుగా నడిచేదాన్ని ఇంటూ గుర్తులా చెక్కాడు. మీ బుడ్డోడికి అలాంటిది చేసిపెట్టరాదూ, ఆకురాయి పట్టడం నీకొచ్చు కదా.

ఇప్పుడు అసలు విషయం. యోసెఫ్ ఆల్బర్స్ (ఆనీ మొగుడు) మొదటి ఏడాది పిల్లలకి కాగితాలిచ్చి, వృథా కాకుండా మడతలతో, కోతలతో ఏదైనా నిలబెట్టమనేవాడు. ఆ కాగితం మోడళ్లు చాలావరకు పోయాయి, ఫొటోల్లోనే మిగిలాయి. ఆ స్కూలు భవనాలు, వస్తువుల ఫొటోలు ఎక్కువగా తీసింది లూసియా మొహోలి. 1933లో ప్రాణభయంతో బెర్లిన్ వదిలి పారిపోతూ సుమారు 560 గాజు నెగెటివ్‌లు వెనక వదిలేసింది. అవి గ్రోపియస్ చేతికి వెళ్లి, ఆయనతో అమెరికా చేరి, ఆవిడ పేరు లేకుండానే పుస్తకాల్లో అచ్చయ్యాయి. లండన్‌లో ఆవిడకి ఉద్యోగం కావాలంటే చూపించుకోవడానికి తన పనే చేతిలో లేదు! లాయర్లని పెట్టి పోట్లాడితే 1957లో కొన్ని తిరిగొచ్చాయి, మిగతావి అన్నీ రాలేదు. గ్రోపియస్ అంటే నాకు గౌరవమే, కానీ ఈ విషయంలో ఆయన చేసింది దొంగతనానికి దగ్గరే అంటాను, నువ్వేమన్నా అనుకో.

అందుకే చెప్తున్నా. పర్లాకిమిడి కొమ్ము కొంగలూ నెమళ్లూ జనాల షోకేసుల్లో బోలెడు ఉన్నాయి, కానీ కొమ్ముని ఎంత కాచి, ఎక్కడ వంచి, ఎంత అరగదీస్తే ఆ మెడ వచ్చిందో తెలియాలంటే ఆ సగం చెక్కిన ముక్కలే కావాలి. విరిగిపోయినవి ముందు దాచు, ఎక్కడిదాకా లాగితే విరుగుతుందో అవే చెప్తాయి. ఒక్కోదాని పక్కన స్కేలు పెట్టి ఫొటో తియ్యి. ఎవరు చేశారో మీ పెద్దత్తని అడుగు, ఆవిడకి గుర్తున్నంతే చాలు, తాతగారి చెయ్యా, పక్క షెడ్డువాళ్ల చెయ్యా అన్నది రాసి దారంతో కట్టు. పేరు రాయకుండా ఒక్కటి కూడా సంచిలో పెట్టకు. కొమ్ముకి పురుగు పడుతుంది, తడి తగలనివ్వకు, రేకులు వేరే డబ్బాలో పెట్టు.

మీ ఇంట్లో చోటు లేకపోతే బరంపురం బస్సెక్కించు, బస్టాండుకొచ్చి నేనే దింపుకుంటా. కబాడీవాడు కిలోకి ఎంతిస్తానన్నాడో చెప్పు, ఆ డబ్బు నేనే పంపిస్తాలే, గొడవ వదిలిపోతుంది.

మీ అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? అడిగానని చెప్పు.

నీ
బావ