ఏ దీవి కథ ఆ దీవిదే

సంపాదకునికి,

విదేశాల్లో పుట్టి పెరుగుతున్న గ్రీకు పిల్లలకు తమ పురాణ కథలు అందించే పుస్తకాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. ఒక్క మాట దగ్గర మాత్రం పేచీ పెట్టక తప్పడం లేదు. ఒలింపస్ కొండ మీది పన్నెండుమంది పెద్ద దేవతలను పరిచయం చేస్తే వారసత్వం అందినట్టేనని వ్యాసకర్త తేల్చేశారు. ఆ పన్నెండుమందీ ఏ దేశంలో ఏ పుస్తకాల షాపులోనైనా దొరుకుతారు. పిల్లవాడి తాత పుట్టిన దీవి దొరకదు, చిక్కంతా అక్కడుంది.

గ్రీకుల వలస దీవుల వారీగా సాగింది. ఒకడు వెళ్లి కుదురుకుని అన్నదమ్ములను, ఆ తర్వాత ఊరివాళ్లను పిలిపించుకున్నాడు. అందుకే సముద్రంలో మునిగి స్పాంజీలు తీసే కలిమ్నోస్ వాళ్లు ఫ్లోరిడాలోని టార్పన్ స్ప్రింగ్స్‌లో తేలారు. ఇకారియా వాళ్లు పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల చేరి 1903లోనే సంఘం పెట్టుకున్నారు. కిథిరా, ఇథాకా, కాస్తెలోరిజో వాళ్లలో ఎక్కువమంది ఆస్ట్రేలియా దారి పట్టారు. ఇవాళ కాస్తెలోరిజోలో కాపురమున్న వాళ్లకన్నా ఆ దీవి మూలాలున్నవాళ్లు ఆస్ట్రేలియాలోనే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇలాంటి ఇంటికి ‘గ్రీకు పురాణాలు’ అన్న అట్టతో పుస్తకం ఇస్తే పిల్లలు బడి పాఠం చదివినట్టే చదువుతారు. కథలో తమ దీవి పేరు వినబడిందా, చూపుడువేలు వెంటనే మ్యాపు మీదికి పోతుంది.

ఇకరోస్ కథే చూడండి. తండ్రి డెడలస్ మైనంతో అతికించిన రెక్కలు కట్టుకుని ఇద్దరూ క్రీట్ దీవి నుంచి ఎగిరారు, కొడుకు ఎండకు మరీ దగ్గరగా పోయాడు, మైనం కరిగింది, కుర్రవాడు సముద్రంలో పడ్డాడు, కాబట్టి పెద్దల మాట వినాలి: చాలా పుస్తకాలు ఇక్కడితో చేతులు దులుపుకుంటాయి. రోమన్ కవి ఓవిడ్ అయితే ఎగిరిన దారి కూడా చెప్పాడు. పారోస్, డీలోస్ వెనకబడ్డాయి. ఎడమ చేతివైపు సామోస్, కుడివైపు లెవిథా, తేనెకు పేరుపడ్డ కలిమ్నోస్. గ్రీసుకూ టర్కీకీ మధ్యనున్న ఏజియన్ సముద్రం మ్యాపు ఒకటి పరిచి, ఎర్ర ఉన్ని దారం కొసను క్రీట్‌లోని క్నోసోస్ దగ్గర గుండుసూదితో గుచ్చండి. దారాన్ని తిన్నగా ఉత్తరానికి లాగితే పారోస్, డీలోస్ వస్తాయి. అక్కడ తూర్పుకి మళ్లిస్తే సామోస్‌కూ కలిమ్నోస్‌కూ మధ్యనున్న సముద్రంలో పడతాం. పక్కనే ఇకారియా. ఆ నీళ్లకు ఇకారియన్ సముద్రమని పేరు. ఈపాటికి పిల్లలు అడగనే అడుగుతారు: డెడలస్ చివరికి చేరింది పడమటనున్న సిసిలీ కదా, తూర్పుకెందుకు తిరిగాడని. కవి చెప్పలేదు, మనమూ చెప్పకూడదు. జవాబు పిల్లలే కల్పిస్తారు. కాస్త పెద్ద పిల్లలుంటే గాలి సంగతి కూడా కదపవచ్చు. జులై, ఆగస్టుల్లో ఏజియన్ మీద ఉత్తరం నుంచి మెల్తెమి గాలి బలంగా వీస్తుంది. ఆ రోజుల్లో క్రీట్ నుంచి ఉత్తరానికి ఎగిరితే మైనం కరిగేలోపే భుజాలు పడిపోతాయి. ఒక జాగ్రత్త: బజారులో దొరికే మామూలు మ్యాపుల్లో లెవిథా లాంటి చిన్న దీవులు తరచు కనిపించవు. పుస్తకం వేసేవాళ్లు మ్యాపు సొంతంగా గీయించుకోవాలి.

నిసిరోస్ కథకు మ్యాపు కన్నా చెవి ముఖ్యం. సముద్ర దేవుడు పొసైడన్ పోలిబోటిస్ అనే రాక్షసుణ్ణి సముద్రంలో తరుముకుంటూ కోస్ దీవి దాకా వచ్చాడు. త్రిశూలంతో ఆ దీవిలోంచి ఒక ముక్క పెళ్లగించి వాడి మీద విసిరాడు. ఆ ముక్కే నిసిరోస్, దాని కింద రాక్షసుడు ఇప్పటికీ మూలుగుతున్నాడు. ఇంత చిన్న కథను సాగదీయాలని దేవతల యుద్ధమంతా పట్టుకొస్తే చెడుతుంది. నిసిరోస్ అగ్నిపర్వతం. దాని మధ్యనున్న స్తెఫనోస్ బిలం సుమారు 300 మీటర్ల వెడల్పు, మనుషులు దిగి నడవొచ్చు. కాళ్ల కింద నేల వేడిగా ఉంటుంది, గంధకం వాసన ముక్కుపుటాలు అదరగొడుతుంది, బురద బుడబుడమంటుంది. కథలో రాక్షసుడి ఊపిరి, మూలుగు, కోపం ఈ మూడింటితోనే చెప్పేయవచ్చు. చదివేవారు ఆగి, పిల్లల్ని చెవి నేలకు ఆనించి వినమంటే చాలు. ఇల్లు ఏడో అంతస్తులో ఉన్నా ఏదో ఒకటి వినబడే తీరుతుంది.

ఇక పేర్లు. ఎక్కువ పుస్తకాలు దెబ్బతినేది ఇక్కడే. ఇంగ్లీషు పుస్తకంలో హెర్క్యులీస్, యులిసిస్ అని చదివిన పిల్లకు ఫోనులో యయా, అంటే నానమ్మ, ఇరాక్లిస్, ఒదిసేయాస్ అంటే వాళ్లెవరో వేరే మనుషులనిపిస్తుంది. జ్యూస్‌ను ఇవాళ గ్రీకులు దియాస్ అంటారు, హెర్మిస్‌ను ఎర్మిస్ అంటారు. కథలో ఇంట్లో వినబడే రూపమే వాడాలి. ఇంగ్లీషు రూపం చివరి పేజీలో ఒక్కసారి వేస్తే సరిపోతుంది. గ్రీకు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఏ అక్షరం నొక్కి పలకాలో చూపే గీతను ఎగరగొట్టేస్తుంటారు. అది అలంకారమనుకుంటారు కాబోలు. ‘పోతె’ అని మొదట నొక్కితే ‘ఎప్పుడు?’, ‘పొతే’ అని చివర నొక్కితే ‘ఎన్నటికీ కాదు’. “ఊరికి ఎప్పుడొస్తావు?” అని తాతను అడగబోయిన పిల్లవాడు గీత లేని పుస్తకం పుణ్యమా అని తాత గుండె ఝల్లుమనిపించగలడు.

బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు, అంటే పదహారేసి పేజీల అచ్చు ఫారాలు రెండు. అందులో కథ 600, 700 మాటలు దాటితే పడుకునే వేళకు పూర్తికాదు. గ్రీకు మాటలు ఎనిమిదికి మించకుండా చూసుకుని, ఒక్కొక్కటి కనీసం మూడుచోట్ల మళ్లీ రావాలి. ఎడమ పేజీలో గ్రీకు, కుడి పేజీలో ఇంగ్లీషు పెట్టే పద్ధతి చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పిల్లలు సులువైన పేజీ మాత్రమే చదువుతారు, రెండోది బొమ్మలా మిగిలిపోతుంది. ఇంగ్లీషు కథలో పదేపదే వచ్చే ఒక గ్రీకు పల్లవి పెడితే నోటికొచ్చేస్తుంది.

బొమ్మల్లో మరీ విడ్డూరాలు. తెల్ల గోడలు, నీలి గుమ్మటాలు ఏజియన్ మధ్యనున్న సైక్లడిస్ దీవుల తీరు. వాటినే పడమటనున్న కోర్ఫు దీవికి కూడా అంటగడతారు. కోర్ఫును వెనిస్ వాళ్లు నాలుగు శతాబ్దాలకు పైగా, 1797 దాకా ఏలారు. అక్కడ పెంకుటి కప్పులు, చెక్క కిటికీ తలుపులు. హియోస్ దీవిలోని పిర్గీ ఊళ్లో ఇళ్ల గోడల నిండా నలుపు తెలుపు గీతల ముగ్గులే. వీరుడు థీసియస్ భోజనం పళ్లెంలో టమాటాలు, అతని వెంట వచ్చిన క్రీట్ రాకుమారి ఆరియాడ్ని నిలబడ్డ ఒడ్డున నాగజెముడు కనిపించిన పుస్తకాలూ ఉన్నాయి. ఆ రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవి. అత్తి, ఆలివ్, ద్రాక్ష, మేకలు గీస్తే ఏ పేచీ లేదు.

ఆరియాడ్ని కథలో ఇంకో మెలిక ఉంది. నాక్సోస్ దీవిలో ఆమె నిద్రలో ఉండగా థీసియస్ ఓడ ఎక్కి వెళ్లిపోతాడు. అయినవాళ్లు సముద్రానికి అవతల ఉన్న ఇంట్లో ఈ ఘట్టం ఊరికే పోదు. దాచేయడం తప్పు, అలాగని ఖాళీ సముద్రం బొమ్మ దగ్గర పేజీ తిప్పించడం అంతకన్నా తప్పు. రెండు పేజీలు కలిపి వేసే బొమ్మలో ఎడమ మూల దూరమవుతున్న తెరచాప ఉంటే, కుడి మూల ఆమెను పెళ్లాడబోయే మద్య దేవుడు దియొనిసోస్ వస్తున్న ఓడ కూడా అప్పుడే కనబడాలి.

ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. దేవతల కథలు చాలామంది యయాలకు వాళ్ల యయా చెప్పినవి కావు. బళ్లో, మూడో తరగతి చరిత్ర పుస్తకంలో చదువుకున్నవి. ఒళ్లో కూర్చుని విన్నవి వేరు. ఓడను పట్టుకుని “అలెగ్జాండర్ రాజు బతికున్నాడా?” అని అడిగే జలకన్య గొర్గోనా అందులో ఒకటి. “జీ కే వసిలేవీ”, బతికే ఉన్నాడు, ఏలుతున్నాడు అని నావికుడు జవాబివ్వాలి. పోయాడన్నాడా, ఓడ మునిగిందే. పల్లవికి ఇంతకన్నా ఏం కావాలి? కథ ఎత్తుకునే తీరూ అలాగే ఉంటుంది: “కోకినీ క్లొస్తీ దెమేనీ...”, ఎర్ర దారం కట్టి, చక్రానికి చుట్టి, ఒక్క తన్ను తంతే తిరుగుతుంది, కథ మొదలవుతుంది. ముగింపు “వాళ్లు బాగా బతికారు, మనం ఇంకా బాగా” అని. మన ‘కథ కంచికి’ లాంటిదే, కాకపోతే కాస్త ఆశపోతుది. ఇకరోస్ మ్యాపు మీద గుచ్చిన ఎర్ర దారాన్నే ఈ పాటకూ వాడుకోవచ్చు.

డిసెంబరు 25 నుంచి జనవరి 6 దాకా భూమి మీద తిరిగే కలికాంజరి అనే అల్లరి భూతాల కథ మెల్‌బోర్న్‌లో చెప్పేటప్పుడు మాత్రం చిన్న సర్దుబాటు అవసరం. అది పొయ్యి చుట్టూ చేరే చలి రాత్రుల కథ, అక్కడేమో అప్పుడు మండు వేసవి. నెలలు మార్చకుండా “అక్కడ చలి, ఇక్కడ ఎండ” అని మొదటి వాక్యంలోనే చెప్పేస్తే పిల్లలు ఇబ్బంది పడరు. గుమ్మం ముందు జల్లెడ పెడితే భూతం లోపలికి రాకుండా చిల్లులు లెక్కపెడుతూ కూర్చుంటుంది. మూడు పవిత్రమైన అంకె కనుక దాని నోట రాదు. ‘ఎనా, దీయో’, అంటే ఒకటి, రెండు, అని ఆగి, మళ్లీ మొదటి నుంచి ‘ఎనా, దీయో’. తెల్లారేదాకా అదే పని. చదివేవారు ‘దీయో’ దగ్గర ఆగిపోవాలి. ‘త్రియా’ పిల్లలు అరుస్తారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు