వీగన్‌ కంచంలో పెరుగు ఖాళీని అన్నంతో నింపవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ ఆరోగ్యం పేజీలో వీగన్‌ ఆహారానికి మారుతున్న యువత గురించి వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, గుడ్డు, మాంసం వంటివన్నీ ఎందుకు మానేస్తున్నారో ఆ వ్యాసం చక్కగా వివరించింది గానీ, మానేసిన మర్నాటి నుంచి కంచంలో ఏది ఎంత ఉండాలన్న ప్రశ్నను ఒక్క వాక్యంతో దాటేసింది. గృహవిజ్ఞానం బోధించిన అధ్యాపకురాలిగా, జంతువుల మీది దయతో ఈ మార్గం ఎంచుకున్న పిల్లల పట్ల గౌరవం ఉన్న వ్యక్తిగా, ఆ ప్రశ్నకు కొంత వివరంగా జవాబు రాయాలనిపించింది.

మన శాకాహార భోజనంలో పాలు, పెరుగు, మజ్జిగ రోజు మొత్తం మీద 300 మిల్లీలీటర్ల దాకా ఉంటే, వాటి నుంచి సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. ఎవరూ లెక్కలోకి తీసుకోని ఈ 10 గ్రాములు వీగన్‌గా మారిన రోజే పోతాయి. పెరుగన్నం లేకపోవడంతో తీరని ఆకలిని చాలామంది ఇంకో మారు అన్నం వడ్డించుకుని, లేదా పులిహోర, ఉప్మా, అటుకులు, బిస్కెట్లతో తీర్చుకుంటారు. దాంతో ఒకవైపు మాంసకృత్తులు తగ్గి, మరోవైపు పిండిపదార్థాలు పెరుగుతాయి. మధుమేహంపై దేశమంతటా జరిగిన ఐసీఎంఆర్‌ (భారత వైద్య పరిశోధన మండలి)–ఇండియాబ్‌ అధ్యయనం ప్రకారం మనవారు తీసుకునే శక్తిలో 62 శాతం ఇప్పటికే పిండిపదార్థాల నుంచే వస్తోంది. మొత్తం శక్తిలో 5 శాతం మేర పిండిపదార్థాలను తగ్గించి, ఆ స్థానంలో పప్పుల వంటి వృక్ష సంబంధ మాంసకృత్తులను గానీ పాల మాంసకృత్తులను గానీ తీసుకుంటే మధుమేహం ముప్పు తగ్గే అవకాశం ఉందని కూడా ఆ అధ్యయనం సూచించింది. పాలు మానేసిన వారికి మిగిలే దారి మొదటిది.

ఎంత కావాలన్నది ఊహించనక్కర్లేదు. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరమని చెబుతోంది, అంటే 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు. ఆహారంలో ఎక్కువ భాగం ధాన్యమే అయినప్పుడు కిలోకు ఒక గ్రాము లక్ష్యంగా పెట్టుకోవడం క్షేమం. అదే సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 కిలో క్యాలరీల భోజనానికి 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పుధాన్యాలు, 35 గ్రాముల గింజలు, వాటితోపాటు కూరగాయలు, పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు సూచించింది. బియ్యం, పప్పుల తూకాలు వండకముందు లెక్కవేసినవే. ఇందులో పాలను తీసేస్తే పోయే 10 గ్రాముల మాంసకృత్తులు తిరిగి రావడానికి మరో 45 గ్రాముల పప్పు కావాలి కాబట్టి, వీగన్‌ భోజనంలో పప్పుధాన్యాలు రోజుకు 130 గ్రాముల దాకా ఉండాలన్నది నా లెక్క. ఇది మన ఇళ్లలో జరిగే దానికి చాలా దూరం. నలుగురున్న ఇంట్లో పూటకు 100 గ్రాముల కందిపప్పుతో పప్పుచారు కాస్తే మనిషికి దక్కేది 25 గ్రాముల పప్పు, అందులో మాంసకృత్తులు 5 గ్రాముల పైచిలుకు మాత్రమే. రోజూ పప్పు తింటున్నామన్న తృప్తి ఉంటుంది గానీ అవసరం తీరదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కందిపప్పులో మాంసకృత్తులు 22 శాతం ఉంటే పిండిపదార్థాలు సగానికి పైగా ఉంటాయి. సెనగపప్పు, పెసరపప్పుల సంగతీ దాదాపు అంతే. కనుక అన్నం అంతే తింటూ దాని మీద పప్పు పెంచితే పిండిపదార్థాలు ఇంకా పెరుగుతాయి. పెంచిన పప్పుకు తగినట్టు బియ్యం తగ్గించినప్పుడే సమతూకం కుదురుతుంది. అలాగని బియ్యాన్ని శత్రువుగా చూడనక్కర్లేదు, ఎందుకంటే ధాన్యాల్లో కొరవడిన లైసిన్‌ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తుల నిర్మాణ భాగాల్లో ఒకటి) పప్పుల్లో సమృద్ధిగా ఉంటుంది, పప్పుల్లో కొరవడిన మెథియోనిన్‌ను ధాన్యాలూ నువ్వులూ భర్తీ చేస్తాయి. రెండూ ఒకే ముద్దలో కలవాలన్న నియమం లేదు, రోజు మొత్తంలో రెండూ అందితే చాలు.

ఇందుకు కావలసినవి మన వంటింట్లోనే ఉన్నాయి. పొద్దున 60 గ్రాముల పెసలతో పెసరట్టు వేసుకుంటే 13 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. అంతే రవ్వతో ఉప్మా చేసుకు తింటే అందులో దాదాపు సగమే వస్తాయి. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యపు అన్నంలోకి 40 గ్రాముల పప్పుతో చేసిన ముద్దపప్పో ఆకుకూర పప్పో, సాయంత్రం గుప్పెడు సెనగల గుగ్గిళ్లు, రాత్రి జొన్నరొట్టెలోకి అలసందల కూర లేదా మీల్‌మేకర్‌ కూర, మధ్యలో కాసిని వేరుశనగ గింజలు ఉంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు దాటుతాయి. ఉలవచారు ఇష్టపడేవారు ఉలవలు ఉడికించిన నీళ్లతోపాటు ఉడికిన ఉలవలు కూడా తినాలి, ఎందుకంటే మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం గింజల్లోనే మిగిలిపోతుంది.

పాలకు బదులుగా దుకాణాల్లో దొరికే పానీయాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఒక గ్లాసు సోయా పాలలో సుమారు 7 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, కానీ ప్యాకెట్లలో వచ్చే బాదం పాలలో చాలావాటిలో గ్రాము అటూ ఇటుగానే ఉంటుంది. కొబ్బరి పాలలో ఉండేది ప్రధానంగా కొవ్వు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022 నిబంధనల ప్రకారం ముద్రించే వీగన్‌ గుర్తు ఆ పదార్థంలో జంతు సంబంధమైనవేవీ లేవని మాత్రమే చెబుతుంది. అందులో పోషకాలు ఎంత ఉన్నాయో తెలియాలంటే ప్యాకెట్‌ వెనుక ఉండే పట్టిక చదవాలి.

మరో కొసకు పోయేవారినీ చూస్తున్నాను. పిండిపదార్థాలన్నీ చెడ్డవని అన్నం, రొట్టె పూర్తిగా మానేసి మొలకలు, ప్రొటీన్‌ పొడులతో గడిపితే, చాలినంత శక్తి అందని శరీరం ఆ మాంసకృత్తులనే ఇంధనంగా వాడేసుకుంటుంది. నీరసం, మలబద్ధకం, చిరాకు మొదలై, కొద్దివారాల్లోనే వీగన్‌ ఆహారం తమ ఒంటికి పడదన్న నిర్ణయానికి వస్తారు. అలాగే అలవాటు లేని కడుపుకు ఒక్కసారిగా పప్పులు పెంచితే ఉబ్బరం తప్పదు. వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ, రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికించి తింటే చాలామందికి సర్దుకుంటుంది.

ఒక్క విషయంలో మాత్రం వంటింటి మీద ఆధారపడటం కుదరదు. విటమిన్‌ బి12 మొక్కల నుంచి నమ్మదగినంతగా దొరకదు కనుక, వీగన్లు దాన్ని మాత్రల రూపంలోనో, అది కలిపిన ఆహారం ద్వారానో తప్పనిసరిగా తీసుకోవాలి. మధుమేహానికి మందులు వాడేవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుల సలహా లేకుండా పైన రాసిన కొలతలు అనుసరించకూడదు.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. మీ వంటల శీర్షికలో ప్రతి వంటకం కింద వడ్డనకు మాంసకృత్తులు ఎన్ని గ్రాములో, పిండిపదార్థాలు ఎన్ని గ్రాములో ముద్రించండి. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు అందుబాటులో ఉన్నాయి కాబట్టి ఇది కష్టమైన పని కాదు. హాస్టళ్లలో ఉంటూ వీగన్లుగా మారిన విద్యార్థులకు మెస్‌లో దొరికే పదార్థాలతోనే ఎలా నెట్టుకురావచ్చో ఒక నిపుణుడి చేత ప్రత్యేకంగా రాయించగలిగితే మరీ మంచిది. నా దగ్గరికి వచ్చి అడిగేవారిలో ఎక్కువమంది వాళ్లే.

భవదీయురాలు,
విశ్రాంత గృహవిజ్ఞాన అధ్యాపకురాలు,
తెనాలి