మునిగిన ఓడ దగ్గరికి వచ్చే ముందు

తులాంబెన్, బాలి

తమ్మీ,

హైదరాబాద్ ఈతకొలనులో స్కూబా డైవింగ్ చేస్తూ నాలుగు కిలోల బరువుల బెల్టుతో చక్కగా మునిగానని రాశావు. ఆ లెక్క ఇక్కడ చెల్లదు. ఉప్పునీరు మంచినీళ్ల కంటే వందకు రెండున్నర పాళ్లు బరువు. నువ్వూ నీ సామానూ కలిపి వంద కిలోలైతే ఇంకో రెండున్నర కిలోలు కట్టుకోవాలి.

అసలు తిరకాసు సిలిండర్‌తోనే. నిండుగా ఉన్నప్పుడు అల్యూమినియం సిలిండర్ బుద్ధిగా మునుగుతుంది. లోపలి గాలి పీడనం 200 బార్ నుంచి 50కి వచ్చేసరికి రెండు కిలోల గాలి ఖర్చయి తేలడం మొదలెడుతుంది. అందుకే మొదట్లో బాగున్నవాళ్లే చివర్లో, పైకొచ్చే ముందు ఐదు మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగాల్సిన చోట, బెండులా పైకి తన్నుకొస్తారు. కాబట్టి బరువు చూసుకునేది 50 బార్ సిలిండర్‌తో. తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లోంచి గాలంతా వదిలి మామూలుగా ఊపిరి బిగబట్టు. నీళ్లు కళ్ల మట్టానికి రావాలి, ఊపిరి వదిలితే మునగాలి.

ఇక్కడి ఓడ పేరు లిబర్టీ, అమెరికా సైన్యం సరుకుల ఓడ. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడో వేస్తే, లాక్కొస్తూ దారిలో ఈ ఒడ్డుకు ఎక్కించేశారు. 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు నీళ్లలోకి జారింది. పై అంచు ఐదు మీటర్ల లోతులోనే ఉంది, అడుగు ముప్పైకి దగ్గర. పడవ అక్కర్లేదు, ఒడ్డు నుంచే ఈదుకుంటూ వెళ్లొచ్చు. బిందెలు మోసినట్టు సిలిండర్లు తలమీద పెట్టుకుని నడిచే ఆడవాళ్లని చూస్తే సిగ్గేస్తుందిలే.

ఒడ్డంతా నల్లటి గుండ్రాళ్లు, కాలు పెడితే దొర్లుతాయి. గట్టి అడుగున్న బూట్లు వేసుకో. ఫిన్స్, అంటే కాళ్లకు తొడిగే తెడ్లు, చేత్తో పట్టుకెళ్లి ఛాతీలోతు నీళ్లలో తొడుక్కో. అక్కడ నిలబడి ఆలోచించావంటే తర్వాతి అల పడేస్తుంది.

నీ డైవింగ్ అర్హత కార్డు 18 మీటర్ల లోతు వరకే. నీటి పైన నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చేవాడు 15 మీటర్ల దగ్గర 50 పీలుస్తాడు. 11 లీటర్ల సిలిండర్‌లో 50 బార్ మిగుల్చుకుంటే 33 నిమిషాలే. ఓడ 120 మీటర్ల పైనే పొడవు, ఒక్క డైవ్‌లో మొత్తం చుట్టేద్దామనుకోకు.

అవతల వెలుతురు కనిపిస్తున్నా ఓడ లోపలికి దూరొద్దు. నువ్వు వదిలే బుడగలే పైకప్పు తుప్పును రాలుస్తాయి. కాళ్లు కిందికి తన్నితే మడ్డి లేచి చెయ్యి కూడా కనపడదు. కప్పలా పక్కలకు తన్ను.

జలుబుంటే దిగొద్దు, మాత్ర వేసుకుని అస్సలు దిగొద్దు. దాని ప్రభావం నీళ్లలో ఉండగానే తగ్గిపోతే, పైకొచ్చేటప్పుడు చెవిలో గాలి బయటికి రాదు.

చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలుండాలి. తిరుగు టికెట్ దాన్ని బట్టి తీసుకో.

మాస్క్ మాత్రం అక్కడే, నీ ముఖానికి పెట్టి చూసి కొను. పట్టీ వెయ్యకుండా ముక్కుతో పీలిస్తే అతుక్కుని ఉండాలి. కొత్త అద్దాన్ని లోపలివైపు తెల్ల టూత్‌పేస్ట్‌తో రెండు మూడుసార్లు రుద్ది కడుగు. లేకపోతే ఎంత ఉమ్ము రాసినా మసకబారుతూనే ఉంటుంది.

అక్క