గుర్రం ఏడు ఎప్పుడు మొదలవుతుందంటే

అమ్మలూ,

చైనాలో, ఆ షెన్యాంగ్‌లో నీ రూమ్మేట్ వాళ్లు చైనా కొత్త సంవత్సరం పండక్కి ఇంటికి పిలిచారన్నావుగా, తప్పకుండా వెళ్లు. అక్కడ పెద్దవాళ్లు వయసు అడగాల్సిన చోట నీది ఏ జంతువు ఏడని అడుగుతారు. అందుకని ముందు ఆ లెక్క నేర్చుకో.

పుట్టిన సంవత్సరంలోంచి 4 తీసేసి 12తో భాగించు. శేషం సున్నా వస్తే ఎలుక. ఆ తర్వాత వరసగా ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడిపుంజు, కుక్క, పంది. నువ్వు పుట్టింది 2002 ఆగస్టు, శేషం 6, కాబట్టి గుర్రం. జనవరి, ఫిబ్రవరిల్లో పుట్టినవాళ్ల దగ్గరే అందరూ తప్పులో కాలేస్తారు. తమ్ముడు 2004 జనవరి 10న పుట్టాడు. శేషం చూస్తే కోతి. కానీ ఆ ఏడు వాళ్ల ఉగాది జనవరి 22న వచ్చింది, కాబట్టి వాడు మేకే. కోతి చేష్టలకు మాత్రం లోటు లేదనుకో!

ఈసారి, 2026లో, పండగ ఫిబ్రవరి 17న. పగలు అతి చిన్నదయ్యే డిసెంబరు 21, 22 తేదీలు వాళ్ల పదకొండో నెలలోనే పడాలి. అందుకే మామూలుగా ఆ తర్వాత వచ్చే రెండో అమావాస్య రోజున కొత్త ఏడు మొదలవుతుంది. మనకైతే సూర్యోదయానికి పాడ్యమి ఉండాలి. వాళ్లకు బీజింగ్ టైము ప్రకారం అమావాస్య ఘడియ ఏ తేదీన పడితే ఆ తేదీయే నెలలో ఒకటో రోజు. ఫిబ్రవరి 17న అది రాత్రి 8 గంటలకు పడుతోంది. అంటే మన మాఘ అమావాస్య నాడే వాళ్లకు పండగన్నమాట.

అధికమాసం వాళ్లకూ ఉంది, సూత్రం కూడా దాదాపు ఒకటే: సంక్రమణం, అంటే సూర్యుడు రాశి మారడం, లేని నెల అధికం. కాకపోతే వాళ్లది సాయనం (విషువత్తు నుంచి లెక్క), మనది నిరయనం (నక్షత్రాల నుంచి లెక్క), మధ్య 24 డిగ్రీల తేడా. అందుకే 2023లో మనకు అధిక శ్రావణం వస్తే, వాళ్లకు రెండో నెల రెండుసార్లు వచ్చింది. ఆ రెండోసారిది మొదలైన మార్చి 22నే మన ఉగాది. అరవై ఏళ్ల చక్రం కూడా ఉంది. ఇప్పటిది వాళ్లకు 1984లో మొదలైంది, మన ప్రభవ 1987లో.

2026 గుర్రం ఏడు కదా, ఇది నా ఏడే, బాగా కలిసొస్తుందని మాత్రం అక్కడ అనకు. సొంత జంతువు ఏడు గండమని వాళ్ల నమ్మకం. దానికి విరుగుడుగా ఎర్ర బెల్టు, ఎర్ర సాక్సులు వేసుకుంటారు, అవీ ఇంకొకరు కొనిపెడితేనే మంచిదట. ఆంటీ చేతిలో పెడితే నవ్వేయకు, ఆ రోజే వేసుకో.

ఉత్తరాది కాబట్టి ముందురోజు రాత్రి అందరూ కూర్చుని జియావోజి (మాంసం, కూర పెట్టి చుట్టి ఉడికించే కుడుముల్లాంటివి) చుడతారు, నువ్వూ చెయ్యి కలుపు. క్యాబేజీ తరిగి ఉప్పు చల్లి పదిహేను నిమిషాలయ్యాక గట్టిగా పిండాలి. లేకపోతే నీరు ఊరి అంచులు అతుక్కోవు, ఉడికేటప్పుడు విచ్చుకుపోతాయి. నీళ్లు పొంగినప్పుడల్లా ఒక కప్పు చన్నీళ్లు, అలా మూడుసార్లు పోస్తారు. లోపల మాంసం ఉడికేలోగా పైపొర చిరగకుండా ఉండాలని.

గోడగడియారం, గొడుగు, పియర్ పళ్లు తీసుకెళ్లకు. వాటి పేర్లు చావుకీ విడిపోవడానికీ దగ్గరగా పలుకుతాయి. కమలాపళ్లు సరిసంఖ్యలో పట్టుకెళ్లు, నాలుగు మాత్రం వద్దు. ఎర్ర కవరు ఇస్తే రెండు చేతులా అందుకో, వాళ్ల ముందు విప్పకు. పెళ్లికాని స్టూడెంటువి, నువ్వు ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

నాన్న