చలి సంగతి వదిలెయ్, నీళ్ళ సంగతి చూడు

బెంగళూరు

బుజ్జీ,

డాబా మీద పెంచుతానన్న, చలికి ఓర్చే నిమ్మ, నారింజ జాతి మొక్కల జాబితా చూశాను. సిట్రేంజ్, యూజు, కలమాండిన్... ప్రతి పేరు పక్కనా ఎన్ని మైనస్ డిగ్రీలు తట్టుకుంటుందో కూడా రాసుకున్నావు. ఆ అంకెతో నీకు పనిలేదు. బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. ఇక్కడ ఈ మొక్కల్ని చంపేవి కుండీ అడుగున నిలిచిన నీళ్ళూ, పైనుంచి పోసే బోరు నీళ్ళూ.

1894-95 చలికాలంలో ఫ్లోరిడా నారింజ తోటలు మంచుకు మాడిపోయాక, అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన వాల్టర్ స్వింగిల్ తియ్య నారింజను మూడాకుల నారింజతో సంకరం చేశాడు. అలా వచ్చిందే సిట్రేంజ్. మూడాకులది చలికి ఆకు రాల్చి బతికేస్తుంది గానీ, కాయ కోస్తే కత్తికి జిగురు, నోటికి చేదు. ఓర్పుతో పాటు ఆ చేదు కూడా సంకరాలకు వచ్చింది. అందుకని కాయతో ఏం చేస్తావో ముందు తేల్చుకో. షర్బత్‌కీ ఊరగాయకీ అయితే కలమాండిన్ చాలు, నర్సరీల్లో చైనా ఆరెంజ్ అంటే ఇస్తారు. తొక్క వాసన కావాలంటే యూజు. రసం తక్కువ, గింజలు ఎక్కువ. సిట్రేంజ్‌లో మోర్టన్, రస్క్ రకాలు కాస్త నోట పెట్టుకోవచ్చు. ట్రోయర్, కారిజో అంటు కట్టడానికి వేరుమూలంగా, అంటే కింద వేరునిచ్చే మొక్కగా పనికొచ్చేవే, తినడానికి కావు.

అమెరికా నుంచి వచ్చే స్నేహితురాలి సూట్‌కేసులో కొమ్మలు తెప్పించుకుంటానన్నావే, ఆ పని మాత్రం చెయ్యకు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం దిగుమతి అనుమతి, మొక్కకు తెగులు లేదనే ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. గ్రీనింగ్, ట్రిస్టెజా లాంటి తెగుళ్ళు పైకి ఏమీ కనపడని కొమ్మలోనే వచ్చేస్తాయి.

మొక్క కొనేటప్పుడు ఏ వేరుమూలం మీద కట్టారో అడుగు. మూడాకుల నారింజ మీద కట్టింది బోరు నీళ్ళలా సున్నం ఎక్కువున్న నీళ్ళకు ఓర్చుకోదు. రంగపూర్ నిమ్మ మీద కట్టింది చాలా నయం. కొత్త ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదని. మట్టిలో ఇనుము లేక కాదు, క్షారం ఎక్కువై వేరు తీసుకోలేక. ఇనుము ఎరువుల్లో మామూలు ఈడీటీఏ రకం అలాంటి మట్టిలో నిలవదు, ఈడీడీహెచ్ఏ రకం అడిగి కొను. వాన నీళ్ళు పట్టుకుని పోస్తే అంతకంటే మంచిది.

కుండీ 16 అంగుళాలది, అడుగున నాలుగైదు చిల్లులు. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. కోకోపీట్, అదే కొబ్బరిపొట్టు, గుప్పెడు దాటితే మన వానాకాలంలో తడి ఆరదు. అంటు కట్టిన చోటు మట్టికి నాలుగు వేళ్ళ పైన ఉండాలి. దాని కింద నుంచి ఏ పిలక వచ్చినా చేత్తో విరిచెయ్, మూడాకుల వేరుమూలమైతే దానికి మూడేసి ఆకులుంటాయి. సిట్రేంజ్‌కి మాత్రం పైకొమ్మలకూ మూడాకులే, కాబట్టి అక్కడ ఆకు చూసి కాదు, పిలక ఎక్కణ్ణుంచి లేచిందో చూసి తియ్యి.

లేత ఆకు మీద వెండి గీతలు కనిపిస్తే ఆకు తొలిచే పురుగు. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం కొట్టు. పక్షి రెట్టలా కనిపించేది సీతాకోకచిలుక గొంగళి. ముట్టుకుంటే తల వెనకాల నుంచి రెండు కొమ్ములు బయటపెట్టి కంపు కొడుతుంది. భయపడకు, ఏరి పారెయ్.

పూత కోసం డిసెంబరులో ఆకులు కాస్త వాలేదాకా నీళ్ళు ఆపి, తర్వాత నిండుగా పొయ్యి. పండే వేళ రాత్రులు చల్లగా లేకపోతే తొక్కకు పూర్తి రంగు రాదు. పసుపు కోసం కాచుకుని కూర్చోకు, చేతిలో బరువుగా, కొద్దిగా మెత్తగా తగిలితే కోసెయ్.

రుచి చూడ్డానికి అడ్డంగా కోసి, గింజా పొరా నమలకుండా ఒక చుక్క నాలుక మీద వేసుకో. మిగిలిన రసం ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మళ్ళీ చూడు. అప్పుడు చేదెక్కితే లిమోనిన్ అనే చేదు పదార్థం తేలిందన్నమాట. అలాంటి కాయను షర్బత్‌కి దాచకు, పిండిన పూటే తాగెయ్యి, లేదా ఉప్పులో ఊరబెట్టు. కలమాండిన్‌ను తొక్కతో సహా నోట్లో వేసుకోవచ్చు, తొక్కే తియ్యన, లోపలిది పులుపు.

అమ్మ